శాంతమ్మ చేసిన ఓడల ఆట

శాంతమ్మ గద్వాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. ఊరు వడ్డేపల్లి దగ్గరి పల్లె. అమ్మానాన్నలు మేస్త్రీల వెంట డ్యాముల పనికీ కాలువల పనికీ దేశాలు తిరుగుతుంటే, తను హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ దాకా చదివింది. 1996లో ఆ సెంటరుకు రంగుల మానిటర్ వచ్చింది. దాన్ని చూశాక సొంతంగా ఒక ఆట తయారుచెయ్యాలని ఆమెకు పట్టుదల పుట్టింది.

ఆట వైకింగుల మీద. వెయ్యేళ్ళ కిందట ఉత్తరాన చలిదేశాల నుంచి ఓడలెక్కి, బేరానికీ దోపిడీకీ దూరతీరాలకు పోయిన మనుషులు వాళ్ళు. గ్రంథాలయంలో వాళ్ళ సంగతి చదివినప్పుడు శాంతమ్మకు కత్తులకంటే ముందు ప్రయాణమే కళ్ళకు కట్టింది. ఇంటి దగ్గర గింజలు చాలక, ఒక నాయకుడి వెంట గుంపుగా కదలడం ఆమె ఎరిగిన బతుకే.

తెర నిండా గళ్ళు. ఓడ దిగినవాళ్ళను ఆడేవాళ్ళు ఒక్కొక్కరినే జరపాలి, తరువాత శత్రువుల వంతు. ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక బలం, ఒక లోపం. పోరాడినకొద్దీ పనితనం పెరుగుతుంది. బొమ్మలు స్నేహితురాలు నీలవేణి వేసింది. ఆమెది మగ్గాల ఇల్లు, చీర అంచులకు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి నమూనాలు గీసే చెయ్యి. పాము తల ఓడనూ గడ్డాల మనుషులనూ గళ్ళు నింపే గీసిచ్చేది. శాంతమ్మ వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది. మధ్యలో కరెంటు పోతే చేసినదంతా పోయేది. మళ్ళీ మొదలుపెట్టేది.

ఆట ఒక దారికి వచ్చాక సెంటర్లో చదివేవాళ్ళు ఆడి చూశారు. ఎవరైనా దెబ్బ తిని పడిపోతే, వాణ్ణి అక్కడే వదిలి ముందుకుపోయి గెలిచేవాళ్ళు. శాంతమ్మకు అది మింగుడు పడలేదు. గాయపడినవాణ్ణి భుజాన ఎత్తుకునే వీలు కల్పించింది. అయితే ఎత్తుకున్నవాడు కత్తి పట్టలేడు, ఒక్క గడి మించి కదలలేడు. దాంతో మోసినవాళ్ళంతా ఓడిపోసాగారు. ఆ నియమం తీసేయమని సెంటరు నడిపే వెంకటన్న నచ్చజెప్పాడు. నీలవేణికీ అనుమానమే.

"వదిలిపెట్టినోడు గెలుస్తుండు, మోసినోడు ఓడుతుండు. గిట్లయితే ఎవరు మోస్తరక్కా?" అంది.

శాంతమ్మ ఆ ఆదివారం ఊరికి పోయింది. ఆమె తండ్రి బాలస్వామి ఒకప్పుడు డ్యాము పనిలో పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తోటివాళ్ళు మంచం మీద మోసుకుపోతే బతికాడు. ఆ రోజు ఏం జరిగిందో ఆమె మొదటిసారి విడమరిచి అడిగింది.

"మేస్త్రి మంచం కదలనియ్యలే. పని ఆగుతదన్నడు," అన్నాడు బాలస్వామి. "నలుగురు నన్ను లేపినరు. మిగిలినోళ్ళు మేస్త్రికి అడ్డం నిలబడ్డరు. గట్ల నిలబడకపోతే నేను దవాఖానకు పోకపోదును బిడ్డా."

సోమవారం వచ్చి శాంతమ్మ ఆట లెక్కంతా మార్చింది. పక్కపక్క గళ్ళలో నిలబడి డాళ్ళు కలిపితే శత్రువు దెబ్బ సగానికి సగం తగ్గేట్టు రాసింది. ఆ మార్పుతో తలకిందులైన మిగతా లెక్కలన్నీ సరిచేయడానికి ఎండాకాలమంతా పట్టింది. నీలవేణి డాళ్ళ వరుసకు కొత్త బొమ్మలు గీసింది. ఇప్పుడు మోసేవాడి చుట్టూ మిగతావాళ్ళు గోడ కట్టి కదలాలి. గెలవడం కష్టమే, కానీ గెలవొచ్చు.

పూర్తయిన ఆటను ఇద్దరూ హైదరాబాదులో ఒక కంపెనీకి తీసుకుపోయారు. అక్కడి మేనేజరు చాలాసేపు ఆడాడు. బొమ్మలు మెచ్చుకున్నాడు. మోసే నియమం తీసేసి వేగం పెంచితే తీసుకుంటామన్నాడు.

"అది తీస్తే ఇది మా ఆట కాదు సార్," అంది శాంతమ్మ. మాట మెల్లగానే అంది. నీలవేణి ఫ్లాపీలు సంచిలో సర్దుకుని ముందే లేచి నిలబడింది.

కంపెనీ తీసుకోలేదు. తిరుగు బస్సులోనే ఇద్దరూ ఆటను తామే పంచాలని అనుకున్నారు. తరువాత ఫ్లాపీలు నకలు చేసి వనపర్తి, నాగర్‌కర్నూల్ కంప్యూటర్ సెంటర్లకు తామే ఇచ్చి వచ్చారు. పాఠాలు అయ్యాక అక్కడివాళ్ళు ఆడుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు వనపర్తి నుంచి రేణుకమ్మ అనే, టైపు నేర్పే మాస్టరమ్మ గద్వాలకు వెతుక్కుంటూ వచ్చింది. ఒక్కరినీ వదలకుండా చివరి తీరం చేరాననీ, తరువాత ఆడడానికి ఏమీ మిగల్లేదనీ చెప్పింది.

శాంతమ్మ ఆమెకు కుర్చీ వేసి, ఇక చెయ్యబోయే రెండో ఆటలో ఆ తీరాన చలికాలం ఎట్లా ఉండాలో అడగడం మొదలుపెట్టింది.