పాదం మీద పెన్ను గీత

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో పక్క సీటామె పల్లీలు నములుతూ నా పాదం వైపే చూసింది. చెరకు మోడు గుచ్చుకుని పుండు పడింది. చెరకు బండి బరువు కంటితోనే చెప్పగల నాకు ఇప్పుడు ఈమె సలహా చెబుతుందా అని మొహం తిప్పుకున్నాను.

"దవాఖానల సూపిచ్చినవా అన్నా?"

"దినాం దారంతోటి కొలుస్తున్న. ఐదు రోజులల్ల పావు అంగుళం తగ్గింది."

ఆమె నవ్వింది. "నేను ల్యాబుల పనిజేస్త. నువ్వు పుండును కొలుస్తున్నవ్. లోపలి బ్యాక్టీరియా తమ మందిని లెక్కవెట్టుకుంటది. ఒక్కొక్కటి ఇంత రసం వదుల్తది. ఆ రసం చిక్కగైతే మస్తు మందిమైనమని ఎరికైతది. అప్పటిదాంక సప్పుడు చెయ్యని విషం జేసే జన్యువులు ఒక్కపారే పనిలవడ్తయ్."

"పురుగులకు లెక్కలు ఎవలు నేర్పిండ్రు?" అని వెక్కిరించాను.

"నీకెవలు నేర్పిండ్రు?" అంటూనే వంగి, పుండు చుట్టూ ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ పెన్నుతో గీత గీసింది. "ఎరుపు గిది దాటితే ఇంటికి పోకు" అని మధ్యలోనే దిగిపోయింది.

నాలుగు ముక్కలు నేర్చి డాక్టరయ్యే రకం అనుకున్నాను. నిజామాబాద్ బస్టాండులో చూస్తే గీతకు అవతల బియ్యపుగింజంత ఎరుపు పాకింది. ఐదు రోజులు కొలిచిన దారాన్ని అక్కడే పారేసి దవాఖాన ఆటో ఎక్కాను.