ఎల్లారెడ్డి తోవలో మా జట్టు

కామారెడ్డిలో సైకిళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే రోజులవి. బతుకమ్మ పండుగకు వచ్చిన అక్కను తీసుకుపోవడానికి బావ ఎల్లారెడ్డి నుంచి కొత్త సైకిల్ మీద వచ్చాడు. "ఎడ్ల కచ్చురం బండిల తోల్కపో అల్లుడా" అని అమ్మ బతిమాలింది. బావ నవ్వేశాడు. ఊరు దాటకముందే, వెనక కూర్చున్న అక్క కొంగు చక్రంలో చిక్కింది. అక్క వెనక్కి పడింది, తల కంకర మీద కొట్టుకుంది. ఇంటికి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది. ఆ తర్వాత అమ్మ బావతో మాట్లాడలేదు.

దినాలయ్యాక నేనూ, సైకిల్ దుకాణం సాయబూ, బడిపంతులూ కలిసి ఓ జట్టు కట్టాం. ఎల్లారెడ్డి రోడ్డు మొదట్లో నిలబడి, వచ్చిన ప్రతి సైకిలునూ ఆపి, వెనక చక్రానికి సుతిలి తాడుతో వలలా జాలీ అల్లి ఊరికే కట్టేవాళ్ళం. "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నరు" అన్నాడొకడు. వాణ్ణి రెండు పీకాలనిపించింది. కానీ వాడన్నది అబద్ధం కాదు కదా, ఏడుపొచ్చింది.

జాలీ కట్టినా, కొంగు దోపుకోకపోతే లాభం లేదు. పరాయి ఆడమనిషికి ఆ మాట ఎట్లా చెప్పడం? చెప్పబోతే "మా ఇంటిదాని కొంగు ముచ్చట నీకెందుకురా?" అని మీదికొచ్చారు. బడంతా హడలిపోయే పంతులు రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను ఇంట్లో గొణుక్కుంటుంటే అమ్మ విన్నది. "మొగోళ్ళు చెప్తే గట్లనే అంటరు. నేనొస్త" అంది. మర్నాటి నుంచి ఆడవాళ్ళ కొంగులు తనే నడుముకు బిగించి దోపేది. ఆమెను కాదన్నవాళ్ళు లేరు.

ఏడాది తిరిగాక ఓ మధ్యాహ్నం, భిక్నూర్ వైపు నుంచి ఎల్లారెడ్డికి పోతూ బావ వచ్చాడు. వెనక కొత్త పెళ్ళాం. మమ్మల్ని చూసి దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ వెళ్ళి ఆ పిల్ల కొంగు లాగి, అందరికీ దోపినట్టే దోపింది. ఆ పిల్లకు అమ్మ ఎవరో తెలియదు.

"నీకు బిడ్డలున్నరా అవ్వా?" అని అడిగింది.

"ఉన్నది. ఎల్లారెడ్డిలనే ఇచ్చిన" అంది అమ్మ.

బావ హ్యాండిల్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ అతని ఏడుపు ఆగేదాకా పక్కనే నిలబడింది.

"గతుకులున్న కాడ దిగి నడిపియ్యి అల్లుడా" అంది.