సూదిలో దారం ఎక్కిన రోజు

అల్లుడు వెళ్ళి అత్తారింట్లో కాపురం పెడితే దాన్ని ఇల్లరికం అంటారు. అత్తగారి కిడ్నీ వచ్చి అల్లుడి ఒంట్లో కాపురం పెడితే ఏమనాలో, ఆ మాట ఇంకా పుట్టలేదు. మార్కెట్ వెనక సందులో, చెప్పుల దుకాణానికీ తాళాలు బాగుచేసే అతనికీ మధ్య ఇరుక్కున్న కుట్టుమిషను కొట్టులో మాత్రం ఆ కాపురం రెండేళ్ళుగా సాగుతోంది.

కొట్టు యజమానిని అందరూ మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కోట్లు కుట్టే మాస్టారు. నలభై దాటాక ఆయన కిడ్నీలు రెండూ మొరాయించాయి. భార్య ఇస్తానంటే, ఆమెకు షుగరు ఉందని డాక్టరు వద్దన్నాడు. "అయితే నాది చూడండి" అని అత్తగారు ముందుకొచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. మెట్లెక్కినా ఆయాసం రాదు, మాట్లాడితే అసలే రాదు. పరీక్షలన్నీ కలిశాయి. అప్పటిదాకా ఆమెకూ అల్లుడికీ ఏ విషయంలోనూ కలిసింది లేదు కాబట్టి, ఆ రిపోర్టును ఇద్దరూ కాసేపు నమ్మలేదు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు వచ్చి మాత్రల సంగతి విడమరచి చెప్పాడు.

"మీ ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు మాస్టారూ. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కొట్టి తరిమేస్తారు. మీ అత్తగారి కిడ్నీ మంచిదే. వాళ్ళకా సంగతి తెలీదు కదా. ఈ మాత్రలు వాళ్ళని జోకొడతాయి. మానేశారా, లేచి కూచుంటారు."

"ఎన్నాళ్ళు జోకొట్టాలండీ?"

"కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ."

చక్రాల కుర్చీలో కూర్చుని వింటున్న అత్తగారు కలగజేసుకుంది. "అంటే డాక్టరుగారూ, నన్ను గెంటెయ్యకుండా ఉండాలంటే మా అల్లుడికి రెండు పూటలా మందు పడాలన్నమాట."

"అంతేనమ్మా."

"ఈ మాత్రలేవో మా అమ్మాయి పెళ్ళినాడే రాసిచ్చుంటే బావుండేది."

మాత్రలు చూడటానికి చిన్నవి, చేసేవి మాత్రం పెద్ద పనులు. ఒకటి ఆకలి పెంచింది, మొహాన్ని పున్నమి చంద్రుణ్ణి చేసింది. ఊరందరి బట్టలూ వదులు చేసిన మాస్టారు తన చొక్కాలు తనే విప్పి వదులు చేసుకోవలసి వచ్చింది. కాపలావాళ్ళు నిద్రలో ఉన్నారు కనక సందులోంచి పోయే ప్రతి జలుబూ లోపలికి తొంగిచూసేది. అందుకని ఆయన మొహానికి మాస్కు. తుమ్మే మనిషి కొలతలివ్వడానికి వస్తే టేపు అత్తగారి చేతికి వెళ్ళేది. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి కొలిచేది, అదీ వీపు వైపునుంచి.

ఒకసారి తాళాల అతను ఏదో పొడి తెచ్చాడు. "ఇది రోజూ పాలల్లో కలుపుకోండి మాస్టారూ. రోగాన్ని తట్టుకునే శక్తి తన్నుకొస్తుంది."

"తన్నుకొస్తే ముందు తన్నేది నన్నేనయ్యా" అని అత్తగారు ఆ డబ్బాను ఆ చేత్తోనే వెనక్కిచ్చేసింది.

ఇవన్నీ మాస్టారు సర్దుకున్నాడు. సర్దుకోలేనిది ఒక్కటే, చేతి వణుకు. మాత్ర వేసుకున్న కాసేపటికి వేళ్ళు సన్నగా కొట్టుకునేవి. మిషను మీద ఫరవాలేదు. కానీ కోటుకు కాజాలూ కాలరు మడతా చేత్తోనే కుట్టాలి. ఆయన పేరంతా ఆ చేతికుట్టు మీదే నిలబడింది. ఇప్పుడేమో దారం ఒక దారి, సూది ఒక దారి.

అత్తగారు ఒక ఎత్తుపీట తెచ్చుకుని కొట్లోనే మకాం పెట్టింది. పొద్దున్నే సూదులన్నిటికీ దారాలెక్కించి చిన్న దిండుకు గుచ్చి పెట్టేది.

"కిడ్నీ నాది, కళ్ళు నావి, దారం ఎక్కించే చేతులూ నావే. ఇందులో నీదేముందయ్యా?"

"బోర్డు మీద పేరు నాదే కదా అత్తయ్యా."

ఆయన మంచినీళ్ళు తాగడం మరిచిపోతే చాలు, "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. తాగు" అని చెంబు ముందు పెట్టేది.

ఇలా ఉండగా ఒక గారడీ ఆయన కొట్టుకొచ్చాడు. ఒక చేతిలో నల్లటి గుడ్డ, రెండో చేతిలో పంజరం. పంజరంలో పావురం.

"ఆ పక్షి బయటుండాలి" అంది అత్తగారు.

"చాలా బుద్ధిమంతురాలండీ ఇది."

"దాని బుద్ధికి వంకపెట్టలేదు నాయనా. రెట్టతోనే పేచీ. మా అల్లుడికి పడదు."

పావురాన్ని చెప్పుల దుకాణంలో అప్పజెప్పి వచ్చి గారడీ ఆయన తనకేం కావాలో చెప్పాడు. వచ్చే వారం పెద్ద హాల్లో ప్రదర్శన. ఒంటినిండా దొంగ జేబులున్న కోటు కావాలి. ప్రతి జేబూ చేత్తోనే కుట్టాలి. "కుట్టు కనిపించిందా, నా బతుకు బజారున పడుతుంది మాస్టారూ. మీ చేయి గురించి మా గురువుగారు చెప్పేవారు."

ఆ చివరి మాట మాస్టారి కొంప ముంచింది. సరేనన్నాడు. మొదటి జేబు కుట్టి చూసుకుంటే, బెల్లం ముక్క కోసం చీమలు కొట్టుకుంటూ పోయిన దారిలా ఉంది. విప్పేశాడు. మళ్ళీ కుట్టాడు. ఈసారి చీమలు తిరిగొచ్చాయి.

మర్నాడు పొద్దున అత్తగారు మాత్ర ఇస్తే మాస్టారు నోటి దగ్గరికి తీసుకెళ్ళి, గుక్కెడు నీళ్ళు తాగి, తల వెనక్కి వంచాడు. మాత్ర మాత్రం గుప్పిట్లోనే ఉంది. వారం రోజులు పొద్దుటి మాత్ర మానేసి రాత్రిది వేసుకుంటే కాపలావాళ్ళు సగమే కదా లేస్తారు అనుకున్నాడు. సగం లేచిన కాపలావాడు కూడా కర్ర పట్టుకోగలడని ఆయనకు తట్టలేదు. గుప్పిట్లోది ఎక్కడ దాచాలా అని చూస్తే, ఎదురుగా దొంగ జేబు కనిపించింది.

రోజులు గడిచేకొద్దీ చేయి కుదురుకుంది. కోటు కూడా రూపు కట్టింది. ఇక రెండు జేబులే మిగిలాయి.

గారడీ ఆయన కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చిన రోజున చంకకింద కుట్టు కొంచెం వదిలింది. మాస్టారు మాటల్లో పడి, దిండుకు గుచ్చిన సూదుల వైపు చూడకుండా ఒక ఖాళీ సూది తీసుకుని, దారం కొస తడిచేసి, ఒక్కసారికే ఎక్కించేశాడు.

"ఆహా" అన్నాడు గారడీ ఆయన. గుమ్మంలో ఉన్న తాళాల అతను చప్పట్లు కొట్టాడు. "చూశారా పిన్నిగారూ, చేయి బాగైపోయింది."

అత్తగారు చప్పట్లు కొట్టలేదు. పీట మీంచి లేచింది.

"అల్లుడూ, పొద్దున మాత్ర మింగావా?"

"మీరే కదా అత్తయ్యా ఇచ్చారు."

"ఇచ్చానా అని అడగలేదు."

"మింగానండీ."

సరిగ్గా అప్పుడు గారడీ ఆయన దొంగ జేబులు పరీక్షించడం మొదలుపెట్టాడు. కుడివైపు లోపలి జేబులో చేయి పెట్టి, తీసి, అరచేతిలోకి చూసుకున్నాడు. ఆరేడు మాత్రలున్నాయి. జీవితంలో మొదటిసారి తన జేబులోంచి వచ్చినదాన్ని చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

"మాస్టారూ, ఇవి నేను పెట్టలేదండీ."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు ఆ మాత్రలు కొంగున కట్టుకుని, అల్లుణ్ణి ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తిట్టనందుకు మాస్టారికి మొదటిసారి భయం వేసింది.

రక్తపరీక్షలో భయపడ్డదే తేలింది. కాపలావాళ్ళు లేచారు. కిడ్నీ పనితీరు తగ్గడం మొదలైంది. మాస్టారిని మంచం మీద పడుకోబెట్టి, కాపలావాళ్ళని మళ్ళీ పడుకోబెట్టే మందు నరంలోకి ఎక్కించారు. నిలబడుతుందో లేదో రెండు మూడు రోజులైతేగాని చెప్పలేమన్నాడు డాక్టరు. భార్య వచ్చి ఏడ్చింది. అత్తగారు గోడవైపు చూస్తూ కూర్చుంది.

"అత్తయ్యా, ఏదో ఒకటి అనండి" అన్నాడు మాస్టారు రెండో రోజు.

"ఏమనను? నా వస్తువు నీకిచ్చాను. తిరిగిమ్మని అడగలేదు. నాకింకోటి ఉంది, నీకివ్వడానికి ఇంకోటి లేదు."

మాస్టారు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

మూడోరోజు పరీక్షలో, రక్తంలో పెరిగిన చెడు లెక్క కిందికి దిగింది, కిడ్నీ నిలబడింది. డాక్టరు కాగితం చూపించి, తర్వాత చీవాట్లు పెట్టాడు. "చేయి వణుకుతోందని నాకెందుకు చెప్పలేదు?"

"ప్రాణం నిలబెట్టినాయన్ని కాజాలు కుట్టుకోవాలి, చేయి కూడా నిలబెట్టండి అని అడిగితే అత్యాశ అనుకుంటారని."

"మందు రక్తంలో ఎంతుందో చూసి సర్దొచ్చు. రోజుకొక్కసారే వేసుకునే రకం ఉంది, దాంతో కొంతమందికి వణుకు తగ్గుతుంది. మొత్తం పోతుందని మాటివ్వను. కానీ మీరు సొంతంగా కత్తిరింపులు చెయ్యకూడదు. గుడ్డ మీది, కత్తెర నాది."

"గుడ్డలో సగం నాది" అంది అత్తగారు. ఆ మాట విని మాస్టారు నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాడు.

కోటులో మిగిలిన రెండు జేబులూ ఆవిడే కుట్టింది. అవి దొంగ జేబుల్లా కాక పట్టుబడ్డ జేబుల్లా కుదిరాయి. ప్రదర్శనలో పావురం తోక మొదటి వరసకు ముందే కనిపించిందట. జనం ఇంకా ఎక్కువ నవ్వారని గారడీ ఆయన చెప్పాడు, అంత సంతోషంగా మాత్రం చెప్పలేదు.

కొత్త మందుతో వణుకు చాలావరకు తగ్గింది. ఇబ్బందల్లా అక్కడే వచ్చింది. అత్తగారికి డాక్టరు కాగితాల మీద కంటే సూది మీదే నమ్మకం. రోజూ పొద్దున కొట్టు తెరవగానే ఖాళీ సూదీ దారం ఆయన చేతిలో పెడుతుంది. ఒక్కసారికే ఎక్కిందంటే మాత్రల అట్ట బయటికొస్తుంది, లెక్క మొదలవుతుంది. అందుకని మాస్టారు రోజూ రెండుసార్లు తప్పించి, మూడోసారి ఎక్కిస్తాడు.

"తప్పడం కూడా చక్కగా చేతకాదు నీకు" అంది ఆవిడ ఒకరోజు. "దారం సూది దాకా తిన్నగా వచ్చి, అక్కడ పక్కకి తిరిగింది."

"రేపటినుంచి నాలుగోసారికి ఎక్కించనా అత్తయ్యా?"

"ముందు నోరు తెరువు."

మాస్టారు మాస్కు దించి నోరు తెరిచాడు. నాలిక పైకెత్తాడు. అత్తగారు అటూ ఇటూ వంగి చూసింది, రెండు గుప్పిళ్ళూ విప్పించింది, చొక్కా జేబు తడిమింది.

"సరే, కుట్టుకో" అని చెంబు ఆయన ముందు పెట్టింది.