ఆగమ్మ ఆయా చార్జీ

ఆగమ్మది హైదరాబాదు పాతబస్తీలో జహనుమా. మొగుడు చచ్చిపోయాక నయాపూల్ దగ్గర ఒక నర్సింగ్‌హోంలో ఆయాగా చేరింది. పన్నెండేళ్లు ఊళ్లోవాళ్ల మలమూత్రాలు ఎత్తింది, నెత్తుటి గుడ్డలు ఉతికింది, బాలింతలకు నీళ్లు పోసింది. జీతం ఎనభై రూపాయలు. ఇంటికి పోయేవాళ్లు చేతిలో పెట్టే రూపాయో రెండో అదనం. కొందరు అదీ పెట్టేవాళ్లు కాదు. "ఆయా పైసలు బిల్లుల కట్టినం గదమ్మా" అనేవాళ్లు. వాళ్లు గడప దాటగానే ఆగమ్మ మెటికలు విరిచేది. "ఝూటా మాటలు! పిసినారి ముండాకొడుకులు!"

పాపం, పన్నెండేళ్లలో బిల్లు అనేది ఆమె చేతికి ఎప్పుడొచ్చింది గనక?

డెబ్బై తొమ్మిదిలో వచ్చింది. కోడలు రాజమణికి అక్కడే ఆపరేషన్ చేసి పిల్లను తీశారు. ఎనిమిది రోజులూ కోడలికి అన్నీ ఆగమ్మే చేసింది. మిగతా తొమ్మిది మంచాల పనీ మానలేదు. కొడుకు కొండల్ పనిచేసే ప్రెస్సు నెల రోజులుగా మూతపడి ఉంది. ప్రెస్సులో నేర్చిన ఇంగ్లీషుతో వాడు బిల్లు కూడబలుక్కుంటూ ఒకచోట ఆగాడు.

"అమ్మా, ఆయా చార్జి అని రాసిండ్రు. దినానికి నాలుగు రూపాలు. మొత్తం ముప్పై రెండు."

"ఏ ఆయారా? ఈ ఎనిమిది దినాలు ఇంకో ఆయా మొఖం చూసినమా మనం?"

అనేసి ఆగిపోయింది. పది మంచాలు, మంచానికి నాలుగు. రోజుకు నలభై. రెండు రోజులకే తన నెల జీతం! ఆగమ్మకు లెక్కలు రావంటారు గానీ ఈ లెక్క ఇట్టే వచ్చింది. ఒళ్లు భగ్గుమంది.

పోయి గుమస్తా విఠల్‌రావు ముందు బిల్లు పడేసింది. "ఏంది సారూ గిది? నేను చేసిన పనికి నేనే పైసలు కట్టాల్నా? పన్నెండేండ్ల సంది గీ పైసలన్ని ఎవరు మింగుతుండ్రు?"

విఠల్‌రావు డాక్టరు గదివైపు చూసి గొంతు తగ్గించాడు. "లొల్లి చెయ్యకు ఆగమ్మా. నీది కొట్టేస్త." ఎర్రసిరాతో ఆ వరుస కొట్టేశాడు. "కానీ ఈ ముచ్చట బయట ఎత్తినవో, రేపటి సంది పనికి రాకు."

ఇంట్లో ఆ ఎనభై తప్ప వేరే దమ్మిడీ రాదు. ఆగమ్మ నోరు మూసుకుంది. థూ, ఏం బతుకు!

అక్కడి నుంచి కదిలిందో లేదో, చాంద్రాయణగుట్ట తాపీమేస్త్రీ దుర్గయ్య ఎదురొచ్చాడు. పెళ్లాం కళావతిని ఆరోజే ఇంటికి తీసుకుపోతున్నాడు. చేతిలో బిల్లు.

"అక్కా, పది దినాలకు ఆయా చార్జి నలభై అంటుండ్రు. గడియారం కుదువబెట్టి తెచ్చిన పైసలివి. నీకే ఇస్తరా? నీకైతే ఖుషీగ కడ్త. మా ఆమెను తల్లి లెక్క చూసుకున్నవ్. వీళ్లే తింటరంటే మాత్రం కొట్లాడ్త."

విఠల్‌రావు కుర్చీలోంచి ఇటే చూస్తున్నాడు. ఆగమ్మ ఒకసారి అటు చూసింది.

"నాకే ఇస్తరు తమ్మీ," అంది. "కట్టు."

దుర్గయ్య ముఖం తేటపడింది. నోట్లు లెక్కపెట్టి విఠల్‌రావు ముందు పెట్టాడు. తిరిగి వచ్చి ఆగమ్మకు రెండు చేతులా దండం పెట్టాడు.