వత్తులు పెట్టిన సంతకం

మా బడి ఆఫీసులో అటెండరు స్టాంపు ప్యాడు మూత తీస్తే చాలు, ఆ ఊదారంగు సిరా వాసనకు ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచిపోతాను. పిల్లల సర్టిఫికెట్ల మీద ముద్రలు వేయించాల్సిన టీచర్ని, ముక్కు మూసుకుని వరండాలోకి పోయి నిలబడతాను. తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ అమ్మల బొటనవేళ్ళకు ఆ సిరా అంటి ఉండదు.

మాది గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు భూమి లోపల బొగ్గు ఎత్తేవాడు. ఎండాకాలం పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది, మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలితే అటక మీది గిన్నెలు గలగలమనేవి, బతుకమ్మ పండుగకు అవ్వ దంచిన నువ్వుల సత్తుపిండి పళ్ళ కింద కరకరమంటే అది నువ్వో బొగ్గుదుమ్మో తెలిసేది కాదు. అయినా గిన్నె నాకి మరీ తినేవాళ్ళం.

తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మేడమ్ బ్యాంకు మాటల్ని జంటలు జంటలుగా బట్టీ పట్టించింది. ఓపెన్ ఎన్ అకౌంట్, డ్రా మనీ, క్యాష్ ఎ చెక్. జంట మాటకు బదులు ఇంకో మాట చెప్పామా, అరచేతి మీద స్కేలు దెబ్బ పడేది. ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న మా అవ్వ చుట్టూ తిరుగుతూ పాటలా అప్పజెప్పేదాన్ని.

"అకౌంటుకు తలుపుంటదానే, ఓపెన్ జేసుటానికి?" అనేది అవ్వ. "డ్రా అంటే బొమ్మ గీసుడని నువ్వే జెప్తివి. మరి పైసలెట్ల గీస్తరే?"

నిజానికి ఆమె గీసేదే. జాకెట్లు కుట్టిన డబ్బులు దాచుకోవడానికి అవ్వకు సొంత ఖాతా ఉండేది. అది తెరిచిన రోజు బాపు ఆమె పేరు చిట్టీ మీద రాసిస్తే, దాన్ని చూసి ముగ్గు వేసినట్టు దింపింది. బాపు చదువూ అంతంతమాత్రమే. మల్లవ్వ అనే పేరుకు వత్తులు ఎగ్గొట్టి 'మలవ' అని రాసిచ్చాడు. బ్యాంకు వాళ్ళ కార్డు మీద అదే సంతకంగా నిలిచిపోయింది.

నా పదో తరగతిలో, బాపు సెకండు షిఫ్టుకు పోయిన మధ్యాహ్నాల్లో, అవ్వకు నేనే అక్షరాలు నేర్పాను. వత్తులంటే ఆమెకు ఎంత మోజో! లకు లవత్తు, వకు వవత్తు తగిలించి పలక నిండా తన పేరే రాసేది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు పక్కన ముగ్గుపిండితో కూడా మల్లవ్వ అని రాసేది.

"ఏందే, ఇల్లు నీ పేరున జేయించుకుంటున్నవా?" అని బాపు ఎగతాళి చేసేవాడు.

"అవు. నెలనెల నాకు కిరాయి గట్టు!"

పది పాసయ్యాక నాకు నది అవతల మంచిర్యాలలో కాలేజీ సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి ఆ రోజే ఆఖరు. బాపు గనిలో ఉన్నాడు. అవ్వ, నేను బ్యాంకుకు పోయాం. అవ్వ ఖాతాలోంచి డబ్బు తీసే ఫారం నేను నింపాను. అవ్వ నాలుక కొస పంటికింద పెట్టుకుని, వత్తులతో సహా, అందంగా సంతకం చేసింది.

కౌంటర్లోని గుమాస్తా కార్డుతో పోల్చి చూసి, ఫారం మా ముఖాన విసిరాడు. "సిగ్నేచర్ డిఫర్స్." మేడమ్ మాకు నేర్పని జంట అది.

"ఏమంటుండే?"

"సంతకం కలుస్తలేదట అవ్వా."

"పాతది తప్పు సారూ. ఇప్పుడు నేర్సుకున్న. మంచిగున్నది, సూడున్రి."

"మంచిదో చెడ్డదో మాకెందుకమ్మా? కార్డు మీదున్నట్టు పెట్టు."

రెండో ఫారం మీద ప్రయత్నించింది. చెయ్యి తనంతట తానే వత్తులు పెట్టేసింది. మూడో దాని మీద 'మల' దాకా రాసి ఆగిపోయింది. "గిది నా పేరు గాదు సారూ."

వెనక లైనులో సణుగుడు మొదలైంది. గుమాస్తా స్టాంపు ప్యాడు ముందుకు తోశాడు. "ఒక్క తీరుగ సంతకం రాకపోతే వేలిముద్ర వెయ్యి. ఖాతా అట్ల మారుస్తా. ఫొటో ఉన్నది, అటెండరు సాక్షి పెడతడు."

అవ్వ నా వైపు చూసింది. నేర్పినదాన్ని నేను. ఈమెకు చదవడం వచ్చు, రాయడం వచ్చు అని ఆ మనిషి మీద అరవాల్సిందాన్ని.

"వెయ్యవ్వా, జల్ది. బస్సు పోతది," అన్నాను.

వేసింది. గుమాస్తా పాస్‌బుక్కు మొదటి పేజీలో ఎర్రసిరాతో ఏదో గీకాడు. ఇల్లిటరేట్ అకౌంట్ హోల్డర్. చదువురాని ఖాతాదారు అని నాకు బాగానే అర్థమైంది.

"ఏం రాసిండే?" అంది అవ్వ.

"పైసలిచ్చినట్టు రాసిండు."

బస్సులో నది దాటేదాకా బొటనవేలిని కొంగుకేసి రుద్దుతూనే ఉంది. కాలేజీ సీటు దక్కింది. మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గు ఉంది, పక్కన పేరు లేదు. పలక తెచ్చిస్తే "పనున్నది పోవే" అంది. ఆ గుమాస్తా చెయ్యి పడిపోను అని ఎన్నేళ్ళు తిట్టుకున్నానో లెక్కలేదు. వాణ్ణి తిడుతున్నంతసేపు నన్ను నేను తిట్టుకోనక్కర్లేదు కదా.

తెలంగాణ వచ్చింది. మా క్వార్టర్ల వరసను కూల్చేశారు. బ్యాంకులో ఆ కటకటాల కౌంటర్లూ, ఆ గుమాస్తా కూడా లేరు. బాపు పోయాక పింఛను అవ్వ పేరుకు మార్పించడానికి మొన్న వెళ్తే, ఒక కుర్ర ఆఫీసరు లేచి వచ్చి ఆమెకు కుర్చీ వేశాడు.

"అమ్మా, సంతకం చేస్తారా, వేలిముద్ర వేస్తారా?" అని తెలుగులో, మర్యాదగా అడిగాడు.

"నాకు సంతకం రాదు బిడ్డా," అంది అవ్వ.

నేను పక్కనే ఉన్నాను. వచ్చు అనాల్సిందాన్ని, స్టాంపు ప్యాడు ఆమె ముందుకు జరిపాను.