చౌరస్తాలో సిమెంటు బతుకమ్మ

జనగామ చౌరస్తాలో సిమెంటు బతుకమ్మను నిలబెట్టిన ఏడు మా అవ్వకు కొత్త పని దొరికింది. అవ్వ అంటే మా అమ్మే. మా దిక్కు తల్లిని అవ్వ అని పిలుస్తాం. నాయిన పోయాక పాలకుర్తి దగ్గర ఊళ్లో ఇల్లు విడిచి నా దగ్గరికి వచ్చేసింది. నేను జఫర్‌గఢ్ వైపు ఒక సర్కారు బడిలో టీచరును. సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఆమె చౌరస్తాలోని చాయ్ హోటలు ముందు బల్ల మీద కూర్చొని ఉండేది. బిడ్డ కోసం ఎదురుచూస్తోందని హోటలాయన అనుకునేవాడు. నేనూ మొదట్లో అట్లాగే మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆమె వచ్చేది నా కోసం కాదు, బతుకమ్మ కోసం.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చి, వచ్చినంత తొందరగా వెనక్కి పోయిన రోజులవి. ఊరూరా ఆడవాళ్లు బతుకమ్మలతో రోడ్డెక్కారు. మా చౌరస్తాలో దుకాణాలవాళ్లు చందాలు వేసుకొని మహబూబాబాద్ నుంచి ఒక శిల్పిని పిలిపించారు. అప్పటిదాకా అతను చేసినవన్నీ వినాయకుడి బొమ్మలే. ఇద్దరు మనుషుల ఎత్తు బతుకమ్మను కట్టాడు. ఏడు వరుసలు, వరుసకో రంగు. పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ, ఇంకా పేరు తెలియని రంగులు రెండు మూడు. కింద గుండ్రటి గద్దె, దాని చుట్టూ ఇనుప కడ్డీలు. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే లారీలు, బస్సులు, పత్తి బోరాలు ఎత్తిన ట్రాక్టర్లు అన్నీ దాన్ని చుట్టి పోవలసిందే. ముసురు పట్టిన రోజు కూడా ఆ బొమ్మ ఒక్కదాని మీద ఎండ పడుతున్నట్టు ఉండేది.

బతుకమ్మ పేర్చడంలో మా అవ్వకు పెద్ద పేరు. మొదటి రోజే ఆమె రోడ్డు దాటి, కడ్డీల చుట్టూ మూడుసార్లు తిరిగి, మొహం చిట్లించుకొని వచ్చింది.

"తంగేడు పైన పెట్టిండు జూడు బిడ్డా. తంగేడు కింద ఉండాలె గదా. గిట్ల పేరిస్తే ఒక్క గడియ గూడ నిలవడదు."

"అది సిమెంటు అవ్వా, పడదు."

"సిమెంటయితేంది, పద్ధతుండదా? ఆ పిలగాని ఇంట్ల ఆడోళ్లు లేరా? ఒక్కరన్న చెప్పకపాయెనా?"

తిట్టడం అయిపోయాక చూడడం మొదలుపెట్టేది. అంత తిట్టిన మనిషి ఆ బొమ్మ మీద నుంచి కన్ను తిప్పేది కాదు. బండి మీద నాయిన ముందు నిలబడి పోయే పిల్లలు మలుపు తిరిగినంతసేపూ మెడ తిప్పి చూస్తుంటే, వాళ్లను చూసి నవ్వేది. లారీ ఒకదాని వెనుక ఒకటి గద్దె చుట్టూ మెల్లగా తిరుగుతుంటే ఒకసారి నా మోచెయ్యి పట్టుకొని ఊపింది. "ఇగో జూడు, లారీలు గూడ ఆడుతున్నయ్!" అని ఒళ్లో రెండు చేతులూ చిన్నగా కలిపి చప్పట్లు కొట్టింది. హోటలాయన చాయ్ వడపోస్తూ పకపకా నవ్వాడు. ఆ అరగంటలో మా ఇద్దరికీ ఏ పనీ ఉండేది కాదు. నేను మాటకు ముందు కోపం వచ్చే మనిషిని, ఇంట్లో ఆమెతో రోజుకు రెండుసార్లన్నా గొడవ పడేదాన్ని. ఆ బల్ల మీద మాత్రం ఎన్నడూ గొడవ పడలేదు.

ఆ ఏడే బతుకమ్మ పండుగకు ఒక సంగతి జరిగింది. గునుగు పువ్వు తెల్లగా ఉంటుంది. దాన్ని చిన్న కట్టలుగా కట్టి, కొసలు సమంగా కోసి, నీళ్లలో రంగు పొడి కలిపి ముంచుతారు. ఏ రంగు ఎంత కలపాలో అవ్వ చూపుతోనే చెప్పేది, కొలత లేదు. అట్లాంటి మనిషి ఆ ఏడు గులాబీ రంగును నేరేడు పండు రంగు చేసి పెట్టింది. ఆకుపచ్చ ఇంకా ఘోరం. పక్కింటి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్నారు.

"ఏంది అవ్వా గీ రంగు? బొగ్గుల ముంచి తీసినట్టున్నది," అన్నాను నేను.

"పొడి మంచిగ లేదు బిడ్డా. కల్తీది. ఎంత ఏసినా అంటుతలేదు."

నేను ఊరుకుంటానా. ఆ పొట్లాం పట్టుకొని కిరాణా దుకాణానికి పోయి, పండుగ పూట కల్తీ సరుకు అమ్ముతావా అని షావుకారును నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. పాపం, అతను ఇంకో పొట్లాం ఊరికే ఇచ్చాడు. ఇప్పటికీ అతను ఎదురైతే నేను తల దించుకొని పోతాను.

తర్వాత ఎండాకాలం వచ్చింది. బల్ల మీద కూర్చొని అవ్వ ఒకరోజు, "బొమ్మ రంగులు ఎలిసిపోయినయ్ బిడ్డా," అన్నది. నిజమే, ఎండకూ లారీల పొగకూ కొంచెం వెలిశాయి. ఇంకోరోజు, "నీలం వరుస మొత్తం పోయింది," అన్నది. నీలం ఉంది, దుమ్ము పట్టి ఉంది. వయసు మీద పడింది, ఏదో ఒకటి అంటుందిలే అనుకున్నాను. బడిలో నలభై మంది పిల్లల నోట్లో మాట కనిపెట్టేదాన్ని, ఇంట్లో తల్లి మాట పట్టించుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టే సమయానికి సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. బతుకమ్మ గద్దె పక్కనే శిబిరం వేశాం. నా కోపానికి మొదటిసారి ఒక విలువ దొరికింది. నినాదం ఇవ్వాలంటే నేనే, వాహనం ఆపాలంటే నేనే. అవ్వ రోజూ వచ్చి మా వెనుక వరుసలో కూర్చునేది. నా గొంతు వినిపిస్తే పక్కవాళ్లతో "మా బిడ్డనే" అని చెప్పుకునేదట.

రాస్తారోకో పెట్టిన ఒకనాడు భూపాలపల్లి నుంచి కారు ఒకటి వచ్చింది. వెనుక సీట్లో ముసలి మొగుడూ పెళ్లాలు. హైదరాబాదు దవాఖానలో చూపించుకోవాలి, రేపే రమ్మన్నారు, పోనియ్యమ్మా అని ఆయన దండం పెట్టాడు. చూస్తే ఇద్దరూ బాగానే ఉన్నారు. అంబులెన్సు అయితే మేమే రాళ్లు జరిపి పంపేవాళ్లం. ఇది అంబులెన్సు కాదు కదా.

"పోరాటమంటే జర కష్టముంటది పెద్దాయినా," అన్నాను మైకులో అన్నట్టే గట్టిగా. "నాలుగు రోజులు ఆగుండ్రి. మీ పిల్లల కోసమే గదా గిదంతా."

వెనుక నుంచి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కారు వెనక్కి తిరిగి పోయింది. ఆ రాత్రి నాకు కమ్మగా నిద్ర పట్టింది.

రెండు రోజుల తర్వాత, పండుగ దగ్గరికి వచ్చిందని సిమెంటు బతుకమ్మకు మళ్లీ రంగులు వేయించారు. వేసినతను బోర్డులు రాసే సాయిబు. నిచ్చెన మీద నిలబడి పొద్దంతా వేశాడు. సాయంత్రానికి బొమ్మ కొత్తదాని కన్నా కొత్తగా మెరిసింది. శిబిరంలో వాళ్లందరూ లేచి నిలబడ్డారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. అతను చేతులు తుడుచుకుంటూ అవ్వ దగ్గరికి వచ్చాడు. ఏడాదిగా బల్ల మీద చూసి చూసి ఆమె అతనికి తెలుసు.

"అమ్మా, రెండు కోటింగులు కొట్టిన. జర జూసి చెప్పుండ్రి, ఎట్లున్నది?"

అవ్వ కళ్లు చికిలించి చూసింది. "సున్నమే గద ఏసినవ్ తమ్మీ. రంగులు రేపేస్తవా?"

అతను ఆమె పరాచికం ఆడుతోందనుకొని నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అవ్వ నవ్వడం లేదు. అతని నవ్వు ఆగిపోయింది. అరచెయ్యి ఆమె మొహం ముందు పట్టుకొని మెల్లగా అడిగాడు. "ఇదేం రంగమ్మా?"

"మడ్డి అంటినట్టున్నది తమ్మీ. కడుక్కోరాదూ."

అతని చేయంతా పచ్చి గులాబీ రంగు. నాకు ఒక్కసారిగా గునుగు పూలు, వెలిసిపోయిన నీలం వరుస, అన్నీ అర్థమయ్యాయి. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మాత్రం, "ఏమాయె? ఏమన్న తప్పన్ననా?" అని మా ఇద్దరి వైపూ చూసింది.

మరునాడు పొద్దున్నే ఊళ్లోని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చాలాసేపు లైటు వేసి చూశాడు. "కంట్ల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతున్నది టీచరమ్మా. పోయిన చూపు ఇగ రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలె. ఈ చుక్కలతోని ఆగదు, హైదరాబాదు తీసుకపోండ్రి. గీ వారంలనే పోవాలె," అన్నాడు. చీటీ రాసిచ్చాడు.

బస్సులు లేవు. రైళ్లు నడుస్తాయో లేదో ఏ పూటకాపూటే. అయినా పోవాలనుకుంటే కారు మాట్లాడుకోవచ్చు. శిబిరంలో ఒక్క మాట చెబితే మావాళ్లు ఎదురొచ్చి రాళ్లు పక్కకు జరిపేవాళ్లు. చౌరస్తా తర్వాత చౌరస్తాకు ఫోన్లు చేసి దారి ఇప్పించేవాళ్లు. నన్ను అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. ఇది నాకు ఆనాడూ తెలుసు.

కానీ ఎట్లా అడగను? దండం పెట్టిన ముసలాయనను చప్పట్ల మధ్య వెనక్కి పంపి మూడు రోజులే అయింది. అదే మనుషుల ముందు నిలబడి, మా అవ్వకు దారి ఇవ్వండి అని ఏ మొహంతో అంటాను? మైకులో అంత అరిచేదాన్ని, ఆ ఒక్క మాట అడగలేకపోయాను. రేపు అడుగుతాను అనుకున్నాను. మరునాడు కూడా అదే అనుకున్నాను. ఇవాళో రేపో సమ్మె ముగుస్తుందని అందరూ అంటున్నారు కదా, అప్పుడు ఎవరినీ అడిగే పని లేకుండా పోవచ్చని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టరు చీటీ పర్సులోనే ఉంది. ఈలోపు పండుగ వచ్చి పోయింది. ఆ ఏడు గునుగుకు రంగులు నేనే కలిపాను.

ఒకనాడు పొద్దున చుక్కల మందు వేస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, పోదామా? ఎడమ కంట్ల గూడ మబ్బు కమ్మినట్టున్నది."

"నాలుగు రోజులు ఆగు అవ్వా. సమ్మె అయిపోతది, పోదాం."

"మంచిది," అన్నది. రెండోసారి అడగలేదు. నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక అడగలేదని నాకు తెలుసు. అయినా శిబిరానికి రావడం మానలేదు. వచ్చి బతుకమ్మ వైపు మొహం పెట్టి కూర్చునేది. ఎవరైనా పక్కన కూర్చుంటే, ఇప్పుడు పై వరుస ఏం రంగు, దాని కింద ఏం రంగు అని అడిగి చెప్పించుకునేది. నేను మైకులో మాట్లాడుతూ అది చూసేదాన్ని, చూసి మొహం తిప్పుకునేదాన్ని.

నాలుగు రోజులు కాదు, మూడు వారాలు దాటింది. సమ్మె ముగిసిన మరునాడే హైదరాబాదు పోయాం. అక్కడి పెద్ద డాక్టరు చీటీ మీది తేదీ చూసి, ఇన్ని రోజులు ఏం చేశారని అడిగాడు. సమ్మె అన్నాను. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో వెలుతురూ నీడా మిగిలాయి. ఆపరేషన్ చేశారు. ఏడాది తిరిగేసరికి ఆ వెలుతురు కూడా పోయింది.

తెలంగాణ వచ్చిన రోజు చౌరస్తాలో ఇసుక వేస్తే రాలనంత జనం. పటాకులు, డప్పులు, గులాల్. గద్దె చుట్టూ ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. నేను కూడా ఏడ్చాను, సంతోషంతోనే ఏడ్చాను, అది అబద్ధం కాదు. అవ్వ చెయ్యి పట్టుకొని ఒక పక్కన నిలబడ్డాను. మాతో శిబిరంలో కూర్చున్న ఒక అక్క మమ్మల్ని చూసి మైకు అందుకుంది. "గీ అవ్వను జూడుండ్రి. సమ్మెల దవాఖానకు పోకుండ కండ్లు పోగొట్టుకున్నది. తెలంగాణ కోసం కండ్లిచ్చింది!" అన్నది. ఒకటే చప్పట్లు. మైకు తెచ్చి అవ్వ నోటి ముందు పెట్టింది.

ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. చెప్పినా బాగుండు అని కూడా అనుకున్నాను.

"నా బిడ్డ దినాం పోరు పెట్టింది, పోదాం పోదామని," అన్నది అవ్వ. "నేనే పోలె. అందరు రోడ్డు మీద కూసుంటే మనం పోవుడేందని నేనే ఆగమన్న."

చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. నేను ఏదో అనబోతే అవ్వ నా చేతి వేళ్లను గట్టిగా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మా చుట్టాల్లో, మా వాడకట్టులో ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటారు. బిడ్డ ఎంత బతిమాలినా ముసలామె కదలలేదట అని నా ముందే చెబుతారు, నేను తల ఊపుతాను.

అవ్వ పోదామనే అడిగింది. ఆగమన్నది నేను.