మేకుకు వేలాడిన గ్లాసు

మా నాన్న పెట్టించిన చలివేంద్రం గురించి బాన్సువాడలో ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. ఎండాకాలం వస్తే చాలు, ఎంతమంది గొంతులు తడిపాడో, ధర్మాత్ముడు అంటారు. నేను తల ఊపి ఊరుకుంటాను. ధర్మాత్ముడే, కాదనను. కానీ ఆ ధర్మం ఎక్కడ మొదలైందో, చివరికి ఎక్కడికి చేరిందో చూసినదాన్ని కాబట్టి, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది వర్ని దగ్గర ఊరు. కాలువ నీళ్ళను నమ్ముకుని మా తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. అరవై తొమ్మిదిలో నాకు ఎనిమిదేళ్ళుంటాయి. తమ్ముడు ఇంకా పాలు తాగే పిల్లాడు. వాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, అమ్మానాన్నలు నన్ను కూడా వెంటబెట్టుకుని బాన్సువాడ దవాఖానకు వెళ్ళారు. మందు తీసుకుని తిరిగి వస్తుంటే బస్సు సగం దారిలో ఆగిపోయింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. ముందు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టారని డ్రైవరు అందరినీ దింపేసి బండిని వెనక్కి తిప్పుకుపోయాడు.

ఇక నడకే. కోతలయ్యాక కాలువ కట్టేశారు, అడుగున బురద ఎండి పెచ్చులు లేచి ఉంది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. దారిలో వచ్చిన ఊళ్ళో మొదటి ఇంటి ముందు ఆగి నాన్న మంచినీళ్ళు అడిగాడు. ఆయన మాట తీరుతోనే మేం ఎక్కడివాళ్ళమో తెలిసిపోయినట్టుంది. లోపలి నుంచి "నీళ్ళు లేవు" అని వినిపించింది. రెండో ఇంటివాళ్ళు తలుపే తీయలేదు. వాళ్ళను తిట్టుకోలేను, ఆ ఏడు ఎవరి భయం వాళ్ళది. కానీ అప్పటికి తమ్ముడు ఏడవడం మానేశాడు. అమ్మ వాడి ముఖం కొంగుతో తుడుస్తూ "ఏడవరా నాయనా, ఒక్కసారి ఏడు" అని బతిమాలుతోంది. బిడ్డను ఏడవమని తల్లి బతిమాలడం నేను ఆ రోజే చూశాను.

ఊరు దాటాక ఒక తండా వచ్చింది. మొదటి గుడిసె ముందు ఒక లంబాడీ ఆమె మేకలకు ఆకు వేస్తోంది. మేం నోరు తెరిచి అడగకముందే ఆమె తమ్ముణ్ణి చూసింది.

"ఏందక్క, పిల్లగాడు గిట్ల వాడిపోయిండు. నీడకు రా, కూసో."

లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చింది. ఆమె కుడిచేతికి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. నేను వాటినే చూస్తుంటే, చెరకు గానుగలో పడి తెగిపోయాయని నాకు చెప్పింది. చెంబు అందుకుని అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆగి, తర్వాత పెదవికి ఆనించి తాగింది.

తమ్ముడికి కూడా తాగించబోతే ఆమె వారించింది. "ఒక్కసారె పొయ్యకు, కక్కుతడు. జరంత జరంత తాపాలె." నీళ్ళలో చిటికెడు ఉప్పూ బెల్లం ముక్కా కలిపి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఆ సగం వేలు నీళ్ళలో ముంచి వాడి నోట్లో చుక్క చుక్కగా వేసింది. పొద్దు వాలేదాకా అదే పని. చివరికి వాడు సన్నగా ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు విని ఆమె, అమ్మ ఇద్దరూ నవ్వారు.

బయల్దేరేటప్పుడు అమ్మ ఏదైనా తీసుకోమని అడిగితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేం ఇయ్యకక్క. రేపు ఎవరన్న దూపతోని నీ కాడికొస్తె, గిట్లనే చెంబు చేతికియ్యి. గంతే."

దూప అంటే దాహమని మాకు అప్పటికే తెలుసు. అమ్మ తమ్ముడి తలమీద చెయ్యి పెట్టి "ఇస్తాను" అంది.

ఇంటికి చేరి జరిగిందంతా చెబితే నాయనమ్మ ముందు అడిగిన మాట, "వాళ్ళ చెంబుతో తాగావా?" అని. దొడ్లో తలస్నానం చేశాకే అమ్మను లోపలికి రానిచ్చింది. చెంబు అందుకుని అమ్మ ఎందుకు ఆగిందో నాకు ఆ దొడ్లో తెలిసింది.

నాన్న మాత్రం బస్సు దిగిన దగ్గర్నుంచి దేవుడికి మొక్కుతూ నడిచాడట, పిల్లాడు దక్కితే ఏటా చలివేంద్రం పెడతానని. కొన్నాళ్ళకు బాన్సువాడలో ఎరువుల దుకాణం తెరిచి, మమ్మల్నీ అక్కడికే మార్చి, ఆ మొక్కు చెల్లించడం మొదలుపెట్టాడు. బస్సులు ఆగే చోట తాటాకు పందిరి వేయించాడు. ఇసుకలో కుండలు, వాటికి తడిగుడ్డలు, బల్లమీద తళతళలాడే స్టీలు గ్లాసులు, పైన ఆయన పేరుతో బోర్డు. అమ్మ సంబరం చెప్పనలవి కాదు. తండాలో ఆమెకు ఇచ్చిన మాట ఇన్నాళ్ళకు తీరబోతోందనుకుంది.

పందిరి పక్కన, ఎండ పడేవైపు, ఇంకో కుండ ఉండేది. దాని దగ్గర గ్లాసు లేదు. పొడుగు కాడ గరిటె ఒకటి ఉండేది. తండావాళ్ళూ, ఊరి చివరి వాడలవాళ్ళూ అక్కడ గొంతుక్కూర్చుని దోసిలి పడితే, నీళ్ళు పోయడానికి కుదిర్చిన అవ్వ పైనుంచి పోసేది. అటు వెళ్ళమని ఎవరూ చెప్పనక్కర్లేదు, వచ్చినవాళ్ళు తమంతట తామే అటు వెళ్ళేవాళ్ళు.

"ఆమె మనకు చెంబు చేతికిచ్చింది కదండీ" అని అమ్మ మొదటి ఏడే అడిగింది.

"మనం మాత్రం నీళ్ళు లేవన్నామా? అందరికీ ఒకటే గ్లాసంటే మనవాళ్ళు ఒక్కరు ఇటు తొంగి చూడరు. అప్పుడిక చలివేంద్రం ఎందుకు చెప్పు?"

నాన్న కసురుకోలేదు, మెల్లగా నచ్చజెప్పాడు. నాకు అదే ఎక్కువ మంట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని నాన్న ఎందరినో వెక్కిరించడం విన్నాను. ఆ సామెత మా గుమ్మం ముందుకే వచ్చి నిలబడితే ఆయనకు కనిపించలేదు. అమ్మ ఏటా ఒకసారి అడిగేది, ఏటా అదే జవాబు వినేది. అయినా ఎండాకాలం పొడవునా పందిట్లో కూర్చునేది. ఏదో ఒక రోజు మాట నిలబెట్టుకోగలననే ఆశ ఉండేది కాబోలు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, దవాఖాన వైపు నుంచి ఒకామె నడిచి వచ్చి పక్క కుండ దగ్గర కూర్చుంది. అవ్వ పోస్తోంది గానీ నీళ్ళు ఆమె నోటికి చేరడం లేదు, దోసిట్లోంచి కారి మట్టిలో పడుతున్నాయి.

"సక్కగ పట్టవే, నీళ్ళన్ని ఖరాబు చేస్తున్నవ్" అని అవ్వ కసిరింది.

ఎలా పడుతుంది? కుడిచేతికి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి.

అమ్మ లేచింది. బల్లమీది గ్లాసు నింపుకుని వెళ్ళి, ఆమె ఎదురుగా మట్టిలో కూర్చుని, చేతికి ఇచ్చింది. ఆమె బెదురుగా పందిట్లోకి చూసింది.

"గిది మీ గిలాస కదమ్మ. లొల్లి అయితది."

"తాగక్కా. బస్సులు ఆగిపోయిన ఏడు నువ్వు మాకు చెంబు చేతికిచ్చావు. నా బిడ్డ నీ ఒళ్ళోనే బతికాడు."

ఆమె కాసేపు ఆలోచించింది. "యాదికొస్తలేదమ్మ. దూపకు శానమంది వస్తుంటరు" అని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా కథలా చెప్పుకున్న రోజు ఆమెకు అన్ని రోజుల్లాంటిదే. అమ్మ ఏడుస్తూ రెండో గ్లాసు తెచ్చి ఇచ్చింది.

పందిట్లో ఉన్న మా ఊరి రైతులు చేతుల్లోని గ్లాసులు బోర్లించి, తాగకుండానే వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా నాన్న చెవిన పడింది. అమ్మ తిట్లకు సిద్ధపడి కూర్చుంది. నాన్న తిట్టలేదు. "నువ్వన్నదీ నిజమే. దోసిళ్ళు పట్టించడం ఇప్పుడు బాగుండదు, కాలం మారింది" అన్నాడు. అమ్మ ముఖం ఎంత వెలిగిందో నేను చూశాను.

మర్నాడు వెళ్ళేసరికి, ఆమె తాగిన గ్లాసు అంచుకు కన్నం పొడిపించి, తాడు కట్టించి, పక్క కుండ దగ్గర గుంజకు మేకు కొట్టించి దానికి తగిలించి ఉంచాడు. ఇక నుంచి అది వాళ్ళ గ్లాసు. తండావాళ్ళకు కూడా గ్లాసు పెట్టిన మహానుభావుడని బాన్సువాడ అంతా మెచ్చుకుంది. అమ్మ ఇంటికి వచ్చి "నేను ఇవ్వకపోయినా బాగుండేది" అంది. ఆ రోజు నుంచి పందిట్లో అడుగుపెట్టలేదు.

తమ్ముడు పెద్దవాడయ్యాడు. ఆ తండా కథ అమ్మ వాడికి అన్నంతోపాటే పెట్టి పెంచింది. "తెలుసమ్మా, నేను ఆమె నీళ్ళతోనే బతికాను. అందుకేగా మన చలివేంద్రం" అనేవాడు. కాలేజీలో చేరాక పందిరి పని వాడే చూసుకునేవాడు.

నా పెళ్ళయిన మరుసటి ఏడు అమ్మా నేనూ బిచ్కుందలో చుట్టాలను చూసి వచ్చి మా పందిరి దగ్గర బస్సు దిగాం. చంకలో పిల్లతో ఒక తండా అమ్మాయి బల్లమీది గ్లాసు అందుకోబోతోంది. తమ్ముడు కసరలేదు, విసుక్కోలేదు. నాన్నలాగే మెల్లగా "అది కాదక్కా, మీది అక్కడుంది" అని గుంజ వైపు చూపించాడు. ఆ అమ్మాయి మారుమాట లేకుండా అటు వెళ్ళి, తాగి, వెళ్ళిపోయింది.

అమ్మ నా చెయ్యి వదిలేసి తిన్నగా గుంజ దగ్గరికి నడిచింది. మేకుకున్న గ్లాసు తీసి, పక్క కుండలోంచి నీళ్ళు నింపుకుంది. ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు, పెదవికి ఆనించి తాగింది. తమ్ముడు కంగారుగా లేచి వచ్చాడు.

"అమ్మా, అది వాళ్ళ గ్లాసు" అన్నాడు, తండాలో ఆమె సగం వేలితో చుక్క చుక్కగా తడిపి బతికించిన ఆ నోటితోనే.